ఎర్రచందనం జన్యువుల్లో కరువు జాడ వెతకడం ఎలా?

శేషాచలం కొండల్లో ఒకే వాలు మీద రెండు ఎర్రచందనం చెట్లు ఉన్నాయనుకోండి. ఒకటి పైన బండల సందులో, పిడికెడు మట్టి కూడా దొరకని చోట, వంకర తిరిగి నిలబడింది. రెండోది కింద వాగు పక్కన నిటారుగా పెరిగింది. ఆ తేడా నేల తెచ్చిందా, విత్తనంలోనే ఉందా? చూసినంత మాత్రాన చెప్పలేం. డీఎన్‌ఏ చదివినా చాలాసార్లు చెప్పలేం. చెట్లను ఎలా ఎంచుకున్నామన్న దాని మీదే జవాబు ఆధారపడి ఉంటుంది.

అటవీశాస్త్రమో వృక్షశాస్త్రమో బయోటెక్నాలజీయో చదివి, అడవి చెట్ల అనుకూలనం (పరిసరాలకు తరతరాలుగా సర్దుకోవడం) మీద మొదటిసారి జన్యు పరిశోధనకు దిగుతున్న వారి కోసం ఇది రాస్తున్నాను. యంత్రాల గురించి తక్కువగా, అడవి గురించి ఎక్కువగా చెబుతాను. ఈ పని చెడిపోయేది ఎక్కువగా అడవిలోనే. అది బయటపడేది మాత్రం ఏడాది తర్వాత, డబ్బంతా ఖర్చయ్యాక, కంప్యూటర్ ముందు.

ఉదాహరణగా ఎర్రచందనాన్ని తీసుకోవడానికి కారణం ఉంది. తూర్పు కనుమల దక్షిణ భాగంలో తప్ప ప్రపంచంలో మరెక్కడా ఇది సహజంగా పెరగదు. శేషాచలం, పాలకొండలు, లంకమల, వెలికొండలు దీని ఇల్లు. ఇంత చిన్న విస్తీర్ణంలోనూ వాన ఒకేలా పడదు. కడప వైపు ఏడాదికి సుమారు 700 మిల్లీమీటర్లే. నెల్లూరు వైపు ఈశాన్య రుతుపవనాల పుణ్యమా అని వెయ్యి దాటుతుంది. చెట్టు ఒకటే, వాన రెండు రకాలు. ఇంతకంటే మంచి సహజ ప్రయోగం మనం కావాలని ఏర్పాటు చేసుకోలేం.

ముందు ప్రశ్న, తర్వాతే సంచీ

ప్రశ్నను ఒక్క వాక్యంలో రాసుకోండి. “ఎర్రచందనం జన్యు వైవిధ్యాన్ని అధ్యయనం చేస్తాను” అన్నది ప్రశ్న కాదు. “తక్కువ వాన పడే రాతి నేలల చెట్లలో, పక్కనే ఉన్న లోతు నేలల చెట్లతో పోలిస్తే, ఏ జన్యు రూపాలు పదేపదే ఎక్కువగా కనిపిస్తున్నాయి?” అన్నది ప్రశ్న. “పదేపదే” అన్న మాటను వదలకండి. ఒక్క కొండ మీద కనిపించిన తేడా యాదృచ్ఛికం కావచ్చు. పది కొండల మీద అదే తేడా కనిపిస్తే అప్పుడు ప్రకృతి వరణం గురించి, అంటే బతకడానికి తోడ్పడే జన్యు రూపాలే తరతరానికీ పెరగడం గురించి, మాట్లాడవచ్చు.

ఒక ఆకర్షణకు లొంగకండి. ఎర్రచందనంలో అలలు తిరిగిన చేవకు విపరీతమైన ధర ఉంది. జపాన్‌లో షామిసెన్ అనే తంత్రీవాద్యం చేయడానికి దాన్ని కోరుకుంటారు. ఆ అల జన్యువులదా, నేలదా అని తేల్చాలని మొదటి ఏడాది విద్యార్థులందరికీ ఉబలాటంగా ఉంటుంది. నాకూ ఉండేది. కానీ చెట్టుకు గాటు పెట్టకుండా అల ఉందో లేదో నమ్మకంగా చెప్పడం కష్టం. అంతరించిపోయే ప్రమాదం ఉన్న జాతికి మన కుతూహలం కోసం గాటు పెట్టకూడదు. ఆకులతో, విత్తనాలతో, వేర్ల మట్టితో జవాబు దొరికే ప్రశ్ననే ఎంచుకోండి.

కాగితాలు

అటవీశాఖ అనుమతి చేతికి రాకుండా రిజర్వు అడవిలో అడుగు పెట్టవద్దు. మీ స్థలాల్లో కొన్ని శ్రీ వేంకటేశ్వర జాతీయ ఉద్యానంలో ఉంటే వన్యప్రాణి విభాగం అనుమతి విడిగా కావాలి. ఎర్రచందనం 1995 నుంచి సైటిస్ (ప్రమాదంలో ఉన్న జాతుల అంతర్జాతీయ వ్యాపారాన్ని నియంత్రించే ఒప్పందం) రెండో అనుబంధంలో ఉంది. కాబట్టి నమూనాలను విదేశీ ప్రయోగశాలకు పంపాలనుకుంటే ఆ నిబంధనలూ, చెన్నైలోని జాతీయ జీవవైవిధ్య ప్రాధికార సంస్థ అనుమతులూ ముందే చూసుకోవాలి. నా సలహా అడిగితే, డీఎన్‌ఏ చదివే పనిని దేశంలోనే చేయించుకోండి. ఆరు నెలలు కలిసొస్తాయి.

ఇంకొకటి. ఈ అడవిలో కొత్త ముఖం కనిపిస్తే ముందుగా వచ్చే అనుమానం ఏమిటో మీకు తెలుసు. అనుమతి పత్రం నకళ్లు మూడు దగ్గర పెట్టుకోండి. ప్రతి ఉదయం బీట్ అధికారికి ఏ వైపు వెళ్తున్నారో చెప్పండి. చెక్క ముక్క నేల మీద పడి ఉన్నా సంచీలో వేసుకోకండి.

ఏ చెట్లు, ఎన్ని, ఎక్కడ

మొత్తం పనికి ఇదే వెన్నెముక. ఇక్కడ తొందరపడకండి.

సాధారణంగా జరిగే పొరపాటు ఇది. పొడి ప్రాంతమని కడప వైపు పది చోట్లు, తడి ప్రాంతమని నెల్లూరు వైపు పది చోట్లు ఎంచుకుంటారు. ఆ రెండు గుంపుల మధ్య జన్యువుల్లో బోలెడు తేడా కనిపిస్తుంది. అది వాన వల్ల వచ్చిందా, దూరం వల్ల వచ్చిందా? దూరంగా ఉన్న చెట్ల మధ్య పుప్పొడి, విత్తనం మారవు. అందువల్ల ఏ వరణమూ లేకపోయినా కాలక్రమంలో అవి వేరవుతాయి. వాన తేడా, దూరం తేడా ఒకే దిశలో సాగితే ఆ రెంటినీ విడదీసే గణాంక పద్ధతి ఏదీ లేదు. ఎంత మంచి సాఫ్ట్‌వేర్ కొన్నా రాదు.

దీనికి మందు జతలు. ఒక్కో జతలో రెండు స్థలాలు: ఒకటి రాతి గట్టు, ఇంకొకటి దాని కింది లోతు నేల. మధ్య దూరం రెండు మూడు కిలోమీటర్లకు మించకూడదు. అంత దగ్గర్లో తేనెటీగలు పుప్పొడిని కొంతయినా అటూ ఇటూ కలుపుతాయి, రెక్కలున్న కాయలను గాలి కొంత మోస్తుంది. కాబట్టి మిగతా జన్యువులన్నీ దాదాపు కలిసిపోయి ఉంటాయి. నేల, నీరు పట్టి లాగుతున్నవి మాత్రమే విడిగా నిలుస్తాయి. ఇలాంటి జతలు 12 వెతకండి, చెట్టు వ్యాపించిన మేరంతటా. కొన్ని తక్కువ వాన వైపు, కొన్ని ఎక్కువ వాన వైపు ఉండాలి. ఒక్కో స్థలంలో 12 చెట్లు. మొత్తం 288. ఒకే చోట యాభై చెట్ల ఆకు కోయడం కంటే ఎక్కువ చోట్ల పన్నెండేసి చెట్ల ఆకు కోయడమే ఈ ప్రశ్నకు మేలు.

ఒక స్థలంలో చెట్టుకూ చెట్టుకూ మధ్య కనీసం 50 మీటర్లు వదలండి. కాయలు తల్లి చెట్టు చుట్టూనే ఎక్కువగా రాలతాయి. దగ్గరి చెట్లు అక్కచెల్లెళ్లయి ఉంటాయి. చెట్ల వయసు కూడా మరీ చెదిరిపోకుండా చూడండి. నేల నుంచి 1.37 మీటర్ల ఎత్తులో చుట్టుకొలత తీసుకుని, దాదాపు ఒకే తరగతి చెట్లను ఎంచుకోండి.

ఇక నేను మోసపోయిన చోటు చెబుతాను. ఎర్రచందనాన్ని నరికితే మొద్దు నుంచి మళ్ళీ చిగురిస్తుంది. దొంగలు నరికిన చోట ఇలా లేచిన కాండాలు ఏళ్లు గడిచాక విడి చెట్లలా కనిపిస్తాయి. పాత మొద్దు కుళ్లి మట్టిలో కలిసిపోతుంది. నా మొదటి సేకరణలో ఒక స్థలంలో నాలుగు “చెట్లు” రాసుకున్నాను. ఫలితాలు వచ్చాక చూస్తే నాలుగూ ఒక్కటే. కాండం మొదట్లో ఆకులూ మట్టీ తప్పించి చూసి ఉంటే రెండు నిమిషాల్లో తెలిసేది. నాతో వచ్చిన స్థానిక యానాది పెద్దాయన ఆ రోజే “ఇవన్నీ ఒక తల్లి పిల్లలు సార్” అన్నాడు. నేను దాన్ని కవిత్వమనుకున్నాను. మీరు అలాంటి మాటలను నోటుబుక్కులో రాసుకోండి.

వేగిసతో కలగాపులగం కాకుండా కూడా చూడండి. అది ఎర్రచందనానికి దగ్గరి బంధువు, అదే ప్రజాతి, ఇవే అడవుల్లో పెరుగుతుంది. పెద్ద చెట్టును ఎవరైనా గుర్తుపడతారు. లేత మొక్కల దగ్గరే పొరపాటు జరుగుతుంది. కావాలని నాలుగైదు వేగిస నమూనాలు కూడా తీసుకుని పెట్టుకోండి. తర్వాత లెక్కల్లో అనుమానం వచ్చినప్పుడు పోల్చుకోవడానికి పనికొస్తాయి.

ఆకు కోయడం

లేత ఆకు కావాలి. ముదురు ఆకులో టానిన్లు ఎక్కువ. అవి డీఎన్‌ఏను పట్టుకుని వదలవు. ఎర్రచందనం ఎండలు ముదిరే వేళకు ఆకు రాల్చి మళ్ళీ చిగురిస్తుంది. ఆ చిగురు విచ్చుకున్న కొద్ది వారాలే మీ అదను. ఎత్తు కొమ్మలకు మామిడికాయలు కోసే దోటి చాలు. చెట్టెక్కవద్దు, ఎవరినీ ఎక్కించవద్దు.

మూడు నాలుగు ఆకులు చాలు. టీ వడపోత సంచీలో వేసి, దాన్ని సిలికా జెల్ ఉన్న జిప్ కవరులో పెట్టండి. ఆకు బరువుకు పది రెట్లు సిలికా ఉండాలి. నీలం గింజలు గులాబీ రంగుకు తిరిగితే మార్చండి. ఒక్క రోజులో ఆకు చేత్తో నలిపితే పొడి కావాలి. అలా కాకపోతే అది ఎండడం లేదు, పులుస్తోంది. కవరు మీద పెన్సిలుతో రాయండి, లోపల కూడా పెన్సిలుతో రాసిన చీటీ వేయండి. మార్కరు పెన్ను చెమటకు చెరిగిపోతుంది. చెట్టు సంఖ్య, జీపీఎస్ అంకెలు, చుట్టుకొలత, వాలు దిక్కు, నేల లోతు — ఇవి కాగితం పుస్తకంలో. ఫోనులో కూడా రాసుకోండి, కానీ ఫోనునే నమ్ముకోవద్దు.

వేర్ల కింద ఉన్న తోడు

చెట్టు ఒంటరిగా కరువును తట్టుకోదు. ఎర్రచందనం చిక్కుడు కుటుంబానిది. దాని వేరు బుడిపెల్లో ఉండే బాక్టీరియా గాలిలోని నత్రజనిని చెట్టుకు అందిస్తుంది. వేర్ల లోపలికి చొచ్చుకుపోయే మైకోరైజా శిలీంధ్రాలు భాస్వరాన్నీ, కొంత మేరకు నీటినీ తెచ్చిపెడతాయి. అయితే రాతి గట్టు చెట్టులో మీకు కనిపించే “కరువు ఓర్పు” చెట్టు జన్యువులదేనా, దాని సూక్ష్మజీవులదా, లేక ఆ రెంటి జోడీదా? ఈ విషయం అడగని పరిశోధనలు చాలా ఉన్నాయి. ప్రయాణం ఖర్చు ఎలాగూ పెట్టారు, అడిగే వీలు మీకుంది.

బుడిపెల కోసం వేసవిలో వెళ్లకండి, ఎండిపోయి ఉంటాయి. ఆకులకు ఒక ప్రయాణం, వానలు పడ్డాక బుడిపెలకు ఇంకొకటి అనుకోండి. పెద్ద చెట్టు వేర్లను తవ్వడం తప్పు, దండగ కూడా. చిరుమాను, బిల్లుడు వంటి చెట్లతో కలిసి పెరిగే చోట ఆ సన్నని వేరు ఎవరిదో మీకు తెలియదు. వేరును చేత్తో కాండం దాకా వెంబడించగలిగితేనే తీసుకోండి.

నాకు నచ్చిన దారి వేరు. ప్రతి స్థలంలో మూడు చెట్ల కింద పై పొర ఆకు చెత్త తీసేసి, 10–15 సెంటీమీటర్ల లోతు నుంచి కిలో మట్టి తీసుకోండి. పార కొనను ప్రతి చెట్టుకూ స్పిరిట్‌తో తుడవండి. లేకపోతే ఒక కొండ సూక్ష్మజీవులు ఇంకో కొండ సంచీలో తేలతాయి. ఆ మట్టితో నర్సరీలో కుండీలు నింపి, ఒకే చోటి విత్తనం నుంచి వచ్చిన మొక్కలు నాటండి. కొన్ని నెలలకు ఆ మట్టిలోని బాక్టీరియా తనంతట తానే వేర్ల మీద బుడిపెలు కట్టి కనిపిస్తుంది. అడవి వేరు తెగలేదు, ఏ బుడిప ఎవరిదన్న అనుమానం లేదు.

బుడిపెను కడిగి, పై భాగాన్ని క్రిమిరహితం చేసి, నలిపి, ప్రయోగశాల పెట్రీ పళ్లెంలో పెంచి, ఒక్కో రకం బాక్టీరియా జినోమ్‌ను (మొత్తం డీఎన్‌ఏను) పూర్తిగా చదివించండి. బాక్టీరియా జినోమ్ చిన్నది, ఖర్చు తక్కువ. చెట్టుతో మాట్లాడే జన్యువులు అందులో వేరే గుంపుగా ఉంటాయి. ఒక బాక్టీరియా నుంచి ఇంకోదానికి అవి గుంపుగా దూకగలవు కూడా. కాబట్టి బాక్టీరియా పేరు ఒకటే అయినంత మాత్రాన చెట్టుతో దాని తీరు ఒకటే అనుకోకండి.

చెట్టు జన్యువులకూ దాని మీద బతికే జీవులకూ సంబంధం నిజంగా ఉంటుందా అన్న అనుమానం వస్తే, అమెరికాలోని యూటా రాష్ట్రంలో కాటన్‌వుడ్ చెట్ల మీద జరిగిన పని చూడండి. ఒకే తోటలో, ఒకే నేలలో నాటినా, చెట్టు జన్యు రకాన్ని బట్టి ఆకుల మీద బతికే పురుగుల గుంపు మారింది.

ప్రయోగశాలలో

ఇక్కడ చెప్పేది కొంచెమే. మీ ప్రయోగశాలలో తెలిసినవారు ఉంటారు. ఆకు నుంచి డీఎన్‌ఏ తీసే సీటీఏబీ పద్ధతిలో, టానిన్లను పట్టుకునే పీవీపీ అనే పొడి ఎక్కువ వేయండి. 288 నమూనాలకూ ఒకేసారి దిగకుండా ముందు ఐదింటితో చేసి చూడండి. ద్రవం గోధుమ రంగులో ఉంటే ఇంకా టానిన్లు వదల్లేదని అర్థం.

జినోమ్ అంతా చదవాలా, కొంతా? చెట్టును బట్టి ఉంటుంది. 2006లో మొదటిసారి పూర్తిగా చదివిన చెట్టు పోప్లర్. దాని జినోమ్ 50 కోట్ల డీఎన్‌ఏ అక్షరాల లోపే. 2013లో చదివిన నార్వే స్ప్రూస్‌లో సుమారు 2,000 కోట్ల అక్షరాలున్నాయి, మనిషి జినోమ్‌కు ఆరేడు రెట్లు. అలాంటి చెట్టయితే 288 సార్లు చదివించే మాటే వద్దు. జినోమ్ చిన్నదైతే ప్రతి చెట్టునూ పలచగా, కానీ మొత్తంగా చదివించండి. డబ్బు లేకపోతే ఎంజైముతో కోసి కొన్ని ముక్కలే చదివే డీడీరాడ్ పద్ధతి ఉంది. దానితో జనాభాల చరిత్ర బాగా తెలుస్తుంది, కానీ అనుకూలన జన్యువులు చదవని ముక్కల్లో మిగిలిపోవచ్చు. ఆ మాటను నివేదికలో దాచకండి.

ప్లేట్ల దగ్గర జాగ్రత్త. 96 గుంటల ప్లేట్లు నాలుగు పడతాయి. గట్టు చెట్లన్నీ ఒక ప్లేటులో, వాగు చెట్లన్నీ ఇంకో ప్లేటులో పెట్టారంటే, ప్లేటుకూ ప్లేటుకూ మధ్య వచ్చే సాంకేతిక తేడా అచ్చం అనుకూలనంలాగే కనిపిస్తుంది. చీట్లు వేసి కలిపేయండి. 15 నమూనాలను రెండేసి సార్లు పెట్టండి, ప్లేటుకొక ఖాళీ గుంట వదలండి. రెండుసార్లు పెట్టినవి ఒకే జవాబు ఇవ్వకపోతే మిగతావాటిని ఎలా నమ్ముతారు?

వానను లెక్కలోకి తేవడం

వరల్డ్‌క్లిమ్ అనే ప్రపంచ వాతావరణ సమాచార నిధిలో 19 వాతావరణ కొలతలు ఉచితంగా దొరుకుతాయి, 1970 నుంచి 2000 వరకు సగటు. దాని గడి సుమారు ఒక కిలోమీటరు. శేషాచలంలో ఒక కిలోమీటరులో గట్టూ లోయా రెండూ ఇమిడిపోతాయి. కాబట్టి మీ జతల్లోని రెండు స్థలాలకూ ఒకే అంకె వచ్చినా ఆశ్చర్యపోకండి. కొండల మధ్య తేడాకు ఆ లెక్క వాడండి. జతలోపలి తేడాకు మాత్రం మీరు కొలిచిన నేల లోతు, వాలు, రాతి శాతం, చెట్టు కింద వేలాడదీసిన చిన్న ఉష్ణోగ్రత పరికరం — ఇవే దిక్కు. 19 కొలతలనూ ఒకేసారి గుప్పించకండి. అందులో సగం ఒకదానికొకటి నీడలు. గట్టి కారణం ఉన్న నాలుగైదే ఉంచుకోండి.

గుర్తులను వడకట్టడం

మొదట ఏ వాతావరణమూ కలపకుండా చెట్ల మధ్య బంధుత్వాన్ని, ఒక్కో చెట్టు ఒక్కో చుక్కగా, గీసి చూడండి. దూరంగా ఎగిరిపడ్డ చుక్క ఏదైనా ఉంటే అది వేగిస కావచ్చు, లేదా తప్పు చీటీ కావచ్చు. ఒకదాని మీద ఒకటి పడిన చుక్కలు ఒకే మొద్దు కొమ్మలు. వీటిని తీసేశాకే ముందుకు వెళ్లండి.

తర్వాత ప్రతి జన్యు గుర్తునూ (డీఎన్‌ఏలో చెట్టుకూ చెట్టుకూ అక్షరం మారే చోటునూ) వాతావరణంతో పోల్చే గణాంక పద్ధతులు: రిడండెన్సీ విశ్లేషణ, ఎల్‌ఎఫ్‌ఎంఎం, బేపాస్. ఒక్కొక్కటి ఒక్కో రకంగా బంధుత్వపు ప్రభావాన్ని తీసేస్తుంది. లెక్క గుర్తుంచుకోండి: 50,000 గుర్తులను పరీక్షించి, నూటికి ఐదు తప్పు సహిస్తానంటే, అనుకూలనం ఏమీ లేకపోయినా 2,500 “జన్యువులు” దొరుకుతాయి. వాటిలో ఏదో ఒకటి కరువు జన్యువని పేరున్నది ఉండే తీరుతుంది. దాని చుట్టూ కథ అల్లేయాలనిపిస్తుంది. అల్లకండి. కనీసం రెండు పద్ధతుల్లో వచ్చి, 12 జతల్లో ఎక్కువ జతల్లో ఒకే దిశలో మొగ్గిన గుర్తులనే జాబితాలో ఉంచండి.

జాబితా ఎంత పొడుగుండాలి? చెప్పలేం. స్వీడన్‌లో ఆస్పెన్ చెట్ల మీద జరిగిన పనిలో 12 చోట్ల నుంచి తెచ్చిన 116 చెట్లను తోటల్లో పెంచారు. శరదృతువులో మొగ్గ ముడుచుకునే వేళ ఉత్తరానికీ దక్షిణానికీ మారడంలో పెద్ద పాలు పదో క్రోమోజోమ్ మీద ఎఫ్‌టీ2 జన్యువు చుట్టూ ఉన్న ఒక్క ప్రాంతానిదేనని 2018లో తేలింది. పశ్చిమ కెనడాలో లాడ్జ్‌పోల్ పైన్, స్ప్రూస్ చెట్లలో మాత్రం కథ వేరు. ఈ రెండూ విడిపోయి సుమారు 14 కోట్ల ఏళ్లయింది. అయినా వాతావరణానికి సర్దుకోవడంలో 47 జన్యువులు రెంటిలోనూ పాలుపంచుకున్నాయని 2016లో ప్రచురించారు. ఒకచోట ఒక్క పెద్ద మీట, ఇంకోచోట చాలా చిన్న మీటలు. మీ చెట్టులో రెండోదే ఎక్కువ సంభవమనుకుని మొదలుపెట్టండి.

బాక్టీరియా లెక్క కూడా ఇలాగే. గట్టు చెట్ల కింద బాక్టీరియా వేరుగా ఉందంటే చెట్టు దాన్ని ఎంచుకుందని కాదు. ఆ నేలలో అదే బతుకుతూ ఉండవచ్చు. నేల గుణాన్నీ దూరాన్నీ ముందు తీసేసి, అప్పుడు కూడా చెట్ల బంధుత్వానికీ బాక్టీరియా బంధుత్వానికీ పొంతన మిగిలిందా అని చూడండి.

కుండీల్లో పరీక్ష

ఇంతవరకు చేసింది అనుమానితుల జాబితా. నేరం రుజువు కావాలంటే నర్సరీకి వెళ్లాలి. గట్టు తల్లుల నుంచి, వాగు తల్లుల నుంచి విడివిడిగా కాయలు సేకరించండి. ఎర్రచందనం గింజ మొలవడంలో మొండి. కాయ రెక్కలు కత్తిరించి, రెండు మూడు రోజులు నానబెట్టి వేయండి. కాయ బరువు తప్పక రాయండి. లావు గింజ పిల్ల మొదటి ఏడాది బలంగా ఉంటే అది తల్లి తిండి ప్రభావం, అనుకూలనం కాదు.

నాలుగు రకాల కుండీలు కావాలి: గట్టు విత్తనం గట్టు మట్టిలో, గట్టు విత్తనం వాగు మట్టిలో, వాగు విత్తనం గట్టు మట్టిలో, వాగు విత్తనం వాగు మట్టిలో. సగం మొక్కలకు నీరు ఆపండి. మట్టి రసాయన గుణం వేరు, అందులోని జీవులు వేరు. అందుకని ప్రతి మట్టిలోనూ కొంత ఆవిరితో శుభ్రం చేసి, కొంత అలాగే ఉంచి వాడండి. కుండీలను ప్రతి రెండు వారాలకూ చోటు మార్చండి. నర్సరీలో ఎండ తగిలే మూల ఎప్పుడూ ఒకటి ఉంటుంది.

గట్టు విత్తనం ఏ మట్టిలోనైనా కరువు తట్టుకుంటే గుణం విత్తనానిది. ఏ విత్తనమైనా గట్టు మట్టి జీవులతో మాత్రమే తట్టుకుంటే గుణం ఆ జీవులది. గట్టు విత్తనం గట్టు జీవులతో కలిసినప్పుడే తట్టుకుంటే అది జోడీ. అలాగైతే తోటల పెంపకానికి విత్తనం ఒక్కటే పంపితే చాలదు, ఆ మట్టి కూడా పిడికెడు పంపాలి.

ప్రచురించేటప్పుడు

డీఎన్‌ఏ వివరాలు, లెక్కల ఫైళ్లు బహిరంగంగా పెట్టండి. చెట్ల జీపీఎస్ అంకెలు మాత్రం పెట్టకండి. పెద్ద ఎర్రచందనం చెట్టు ఎక్కడుందో చెప్పే పట్టిక ఇంటర్నెట్‌లో ఉంటే ముందుగా చదివేది శాస్త్రవేత్తలు కాదు. అక్షాంశ రేఖాంశాలను 0.1 డిగ్రీకి కుదించండి; అప్పుడు అది సుమారు 11 కిలోమీటర్ల గడిగా మారుతుంది. వాతావరణ కొలతలు, నేల లోతు అంకెలు యథాతథంగా ఇస్తే లెక్కను ఎవరైనా తిరిగి చేయగలరు. పటాల్లో జతల చుక్కలు పెట్టకండి, కొండల పేర్లు రాయండి చాలు. పత్రికకు పంపే ఫొటోల్లో జీపీఎస్ సమాచారం దాగి ఉంటుంది, దాన్ని కూడా తుడిచేయండి. అసలు రిజిస్టరు ఒక ప్రతి మీ బీరువాలో, ఇంకో ప్రతి సీలు వేసి అటవీశాఖలో ఉండాలి.